అంతరిక్షంలో పెద్దదినం

మా అత్తయ్య నా కథ చదవడానికి ఒకే ఒక్కసారి ప్రయత్నించింది. అది కూడా పత్రికలో పడ్డ రోజున మా ఆయన తెచ్చి చేతిలో పెట్టి, "అమ్మా, నీ కోడలి కథ" అని మొహమాటపెడితే. కళ్ళజోడు పెట్టుకుని సగం పేజీ చదివి, పత్రిక మూసి మంచం మీద పెట్టేసింది. "అదేందే, ఆ మనిషి కిటికీ కాడ నుంచోని చూస్తానే ఉంది, ఎంతకీ కదలదు. మధ్యాన్నం చదువుతాలే. అప్పటిదాకా ఆడనే నుంచోని ఉంటదిగా" అంది. ఆ మధ్యాహ్నం ఇంతవరకూ రాలేదు.

చదువు రాని మనిషైతే నేనేమీ అనుకునేదాన్ని కాదు. మాచవరం దగ్గర పల్లెలో మిరప సేద్యం చేసిన రోజుల్లో, విత్తనాల ప్యాకెట్టు మీద ఉన్న అక్షరాలన్నీ కంపెనీ చిరునామాతో సహా చదివితే తప్ప దాన్ని చించనిచ్చేది కాదట. ఇప్పుడు నరసరావుపేటలో మాతో ఉంటూ పేపరు చదువుతుంది, పంచాంగం చదువుతుంది, మందుల సీసా మీద కాగితం చదువుతుంది. నేను రాసినవి తప్ప అన్నీ చదువుతుంది. నేను ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ కథలు రాసుకుంటాను. కథలకి వచ్చిన జ్ఞాపికలు టీవీ పక్కన ఉన్నాయి. వాటిలో వెడల్పుగా ఉన్నదాని మీద ఆవిడ రిమోట్ పెట్టుకుంటుంది.

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఊళ్ళో ఎవరు చదివినా చదవకపోయినా, మా అత్తయ్య నా పుస్తకం ఒక్కటి చివరిదాకా చదవాలని నాకు కోరిక. ఎందుకంటే ఆవిడకి కథంటే ప్రాణం. పక్కింటి కోడలు అలిగి పుట్టింటికి పోయిన వైనం ఆవిడ చెబుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవబుద్ధి కాదు. అలాంటి మనిషికి నా కథ కథలా కనబడలేదంటే కడుపు మండదా మరి!

ఆవిడ ప్రాణమంతా ఒక టీవీ సీరియల్ మీద ఉండేది. దాని పేరు చెప్పను. చెబితే ఏమవుతుందో కాంట్రాక్టులో చిన్న అక్షరాల్లో ఉంది. భూమి మీద నీళ్ళు అయిపోతే కొంతమంది జనం ఓడ కట్టుకుని, ఇంకో భూమిని వెతుక్కుంటూ అంతరిక్షంలోకి బయలుదేరతారు. చేరేలోపు తరాలు గడిచిపోతాయి. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ తెలుగు సీరియల్ గనక ఆ ఓడలో కూడా పట్టుచీరలే, తలనిండా మల్లెపూలే. ఇంజను గదిలో అత్త, కంట్రోలు గదిలో కోడలు, ఇద్దరికీ క్షణం పడదు. ఎవరైనా తలుపు తోస్తే అదే తోయడం మూడు వైపుల నుంచి చూపిస్తారు. హీరోయిన్ ఓడ బయటికొచ్చి నిలబడితే జుట్టు ఎగురుతుంది. ఫిజిక్స్ చదువుకున్న పాపానికి నేను ఊరుకోలేక, "అక్కడ గాలి ఉండదు అత్తయ్యా" అనేదాన్ని.

"నీకు గాలి గావాలా, కథ గావాలా? గాలి గావాలంటే డాబా మీదికి పో" అనేది.

ఆ ఓడలో ఒక విత్తనాల గది ఉంది. కొత్త భూమి దొరికాక చల్లుకోవడానికి రకరకాల గింజలు అందులో దాచి పెట్టారు. దానికి కాపలా ఒక పెద్దావిడ. కథలో ఆవిడకి పెద్దగా పనేమీ లేదు. ఎవరికి కష్టం వచ్చినా ఏడ్చుకుంటూ ఆ గదిలోకి వస్తారు, ఆవిడ ఓదార్చి పంపుతుంది, అంతే. మా అత్తయ్యకి మాత్రం ఆ సీరియల్లో మనిషంటే ఆవిడే. పెద్దమ్మ అనేది. "ఆ గింజలు ఒళ్ళో పోసుకుని ఏరే తీరు చూడు. నటన గాదే అది, సేద్యం చేసిన చెయ్యి" అని మురిసిపోయేది.

అలా సాగుతుండగా సీరియల్ వాళ్ళు ఒక శుక్రవారం తెర మీద 'కొన్నేళ్ళ తరువాత' అని వేశారు. సోమవారానికల్లా పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, అత్త మంచిదైపోయింది, విలన్‌కి గడ్డం వచ్చింది. విత్తనాల గదిలో పెద్దమ్మ లేదు. ఆవిడ స్టూలు మీద ఎవరో పడుచుపిల్ల కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది. పెద్దమ్మ ఏమైందో ఆ ఓడలో ఒక్కరు కూడా అడగలేదు.

మా అత్తయ్య అడిగింది. కొద్దిరోజులు ఓపిక పట్టి, తరువాత రోజూ సీరియల్ అవగానే నా వైపు తిరిగేది. "ఏమే, ఆవిడేమైంది?" అంతరిక్షం సంగతి గనక ఫిజిక్స్ వాళ్ళకి తెలిసి ఉండాలని ఆవిడ నమ్మకం. నాకు తెలియదంటే, "మరి ఏం చెబుతావే ఆ పిల్లలకి?" అనేది.

అప్పుడొచ్చింది హైదరాబాదు నుంచి ఫోను, ఆ సీరియల్ వాళ్ళ దగ్గర్నించే. పూర్వం సినిమాలకి వెండితెర నవలలు వచ్చేవి. మా అమ్మ వాటికి అట్టలు వేసి దాచుకునేది. ఇప్పుడు ఈ సీరియల్‌కి బుల్లితెర నవల కావాలట. సీరియల్లో చూపించనిది రాయాలి, చూపించినదాన్ని చెడగొట్టకూడదు. 'కొన్నేళ్ళ తరువాత' అని దాటేశారే, ఆ కొన్నేళ్ళలో ఏం జరిగిందో రాయాలి. సైన్సూ తెలుగూ రెండూ వచ్చినవాళ్ళు కావాలంటే ఎవరో నా పేరు చెప్పారట. నా సాహిత్య మిత్రులు తెలిస్తే ముక్కున వేలేసుకుంటారు. వేసుకుంటే వేసుకోనీ అనుకున్నాను. పెద్దమ్మ మాయమైంది సరిగ్గా ఆ కొన్నేళ్ళలోనే. ఆవిడ ఏమైందో నేను రాస్తే మా అత్తయ్య చదవక ఏం చేస్తుంది? రొట్టె విరిగి నేతిలో పడ్డట్టే. పుస్తకం వచ్చేదాకా ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పకూడదని షరతు పెడితే దానికీ ఒప్పుకున్నాను.

ఇక్కడ ఒక మాట వివరించాలి. ఇలాంటి పెద్ద సీరియల్స్‌కి ఒక ఫైలు ఉంటుంది. ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరికి ఏ చెయ్యి విరిగింది, ఓడలో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది, అన్నీ అందులో ఉంటాయి. ముందు రాసినదానికీ వెనక రాసినదానికీ పొంతన తప్పకుండా చూసే కంటిన్యుటీ ఆయన దగ్గర అది ఉంటుంది. దాన్ని వాళ్ళు బైబిల్ అంటారు. నవల రాసేవాళ్ళెవరూ బైబిల్ దాటకూడదు.

మా ఇంట్లో సిగ్నలు వరండా గ్రిల్లు దగ్గర తప్ప రాదు. నేను ఫోన్లో కూడా వెనక బెంచీకి వినపడేలాగే మాట్లాడతాను. ఆ ఫైలు కోసం వాళ్ళతో మాట్లాడిన సాయంత్రం మా అత్తయ్య వరండాలో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఎదురింటి టీచరమ్మగారు కుండీలకి నీళ్ళు పోస్తున్నారు. ఆవిడ రిటైరైన టీచరు, ఇప్పటికీ చర్చిలో సండే స్కూలు చెబుతారు. మా అత్తయ్య ఆవిణ్ణి వదినా అంటుంది. క్రిస్మస్ కేకు అటునుంచి ఇటూ, ఉగాది పచ్చడి ఇటునుంచి అటూ నడుస్తాయి. ఆ ఇద్దరికీ నా ఫోను ఇలా వినపడింది:

"బైబిల్ పంపించండి. లేదండీ, ఇంతకుముందు చదవలేదు. ముందు బైబిల్ అంతా చదివాకే మొదలుపెడతాను. అయ్యో, బైబిల్ దాటి ఒక్క అడుగు కూడా వేయను, మాటిస్తున్నాను. లేదు లేదు, ఇంట్లో ఎవ్వరికీ చెప్పను."

వాళ్ళు విన్నారన్న ధ్యాసే నాకు లేదు. రెండ్రోజుల తరువాత టీచరమ్మగారు గేటు దగ్గర నన్ను ఆపి, ఒక డబ్బా నిండా కేకు ముక్కలు చేతిలో పెట్టారు.

"కొత్తగా చదవటం మొదలుపెట్టావంట గదమ్మా" అన్నారు.

నేను గతుక్కుమన్నాను. "మీకెట్లా తెలుసండీ?"

"గ్రిల్లు కాడ మాట్లాడితే వీధి చివరిదాకా తెలుస్తదిలే. భయపడబాక, నేనెవురికీ చెప్పను. ఎట్టా ఉంది?"

"చాలా పెద్దదండీ."

"పెద్దదే మరి. మొదట్నించీ పట్టుకోబాక తల్లీ. ఎవురికి ఎవురు పుట్టారో ఆ వరసంతా ఉంటది, విసుగొస్తది."

"నిజమేనండీ! పేజీలకి పేజీలు అదే గోల."

"మధ్యలోంచి మొదలుపెట్టు. తెలియకపోతే నన్నడుగు. నేను చిన్నప్పట్నించీ చదువుతానే ఉన్నా."

సీరియల్ మొదలై నాలుగేళ్ళు కూడా కాలేదు. పెద్దావిడ, కాలం లెక్క తప్పుతోంది పాపం అనుకుని, కేకు తెచ్చుకుని తిన్నాను. బాగుంది కూడా.

ఇంట్లో మాత్రం మా అత్తయ్య మాట తగ్గిపోయింది. పెద్దమ్మ ఏమైందని అడగడం మానేసింది. నేను కాలేజీకి బయలుదేరుతుంటే గుమ్మంలో అడ్డం నిలబడి నుదుటి మీద ఇంత విభూతి అద్దేది, ఎందుకని అడిగితే "ఉండనీ" అనేది. ఒక ఆదివారం తెల్లారకుండానే అందరినీ లేపి కోటప్పకొండ తీసుకుపోయింది. మరుసటి ఆదివారం వినుకొండలో ఎవరివో పెళ్ళిచూపులు. వాళ్ళు మాకు చుట్టాలు కారు, పిల్ల తరఫో పిల్లాడి తరఫో కూడా చివరిదాకా నాకు తెలియలేదు. ఆ పై ఆదివారం పొద్దున్నే ఆవిడకి నడుము పట్టేసింది, నేను పక్కనుంచి కదలడానికి వీల్లేదంది. చర్చి వేళ దాటగానే లేచి పప్పు రుబ్బింది. ఆదివారం పొద్దుటికీ నాకూ మధ్య ఆవిడ అడ్డుగోడ కడుతోందని ఆ రోజు కూడా నాకు తట్టలేదు.

మా ఆయనకి అంతా తెలుసట. వాళ్ళమ్మ చెప్పుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుందట. "నువ్వే చెబుతావులే అని ఊరుకున్నా" అన్నాడు తరువాత. పెళ్ళైన దగ్గర్నించీ ఆయన పాటిస్తున్న ధర్మం ఒక్కటే, ఎవరూ అడగనిదే ఏదీ చెప్పకపోవడం.

ఈలోగా నేను ఆ ఫైలులో పెద్దమ్మ కోసం వెతికాను. ఓడ వంటగది గురించి పేజీలున్నాయి, విలన్ గడ్డం గురించి ఒక పేరా ఉంది. పెద్దమ్మకి రెండే రెండు వాక్యాలు: 'మరణించింది. ఇకపై ప్రస్తావించరాదు.' వెంటనే కంటిన్యుటీ ఆయనకి ఫోన్ చేశాను. ఆ నటి వేరే చానెల్‌కి వెళ్ళిపోయిందట, మళ్ళీ వచ్చే అవకాశం లేదట, అందుకని ఫైల్లో చంపేశారట. ఆయన నా కొడుకు వయసు కుర్రాడు. అది చెబుతూ ఏదో తింటున్నాడు.

నాకు నిజంగా దిగులేసింది. పెద్దమ్మ బతికి ఉందని రాస్తే పుస్తకం రాదు. చచ్చిపోయిందని రాస్తే మా అత్తయ్య మొహం ఎలా చూడను? రెండు రోజులు అన్నం సయించలేదు. ఆవిడ నన్ను కనిపెడుతూనే ఉంది. శనివారం సాయంత్రం టీ గ్లాసు నా ముందు పెట్టి, ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది.

"రేపు ఆదివారం. నీకు యాడికి పోవాలనుంటే ఆడికి పో. నేనిక ఆపను" అంది. "గానీ ఒక్క మాట నిజం చెప్పు. చదివావా ఆ బైబిలు?"

టీచరమ్మగారు చెప్పేసి ఉంటారు, ఇక దాచి లాభం లేదనుకున్నాను. "చదివాను అత్తయ్యా."

"అయితే నిజమేనన్నమాట."

"నిజమే. మీకెట్లా చెప్పాలో తెలియలేదు."

"ఇంట్లో పెద్దదాన్ని, నాకు చెప్పకుండా ఎవురికి చెబుతావే? నేను కాదంటానా? చాటుగా చేశావే అనే గదా నా బాధ." ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకూ ఏడుపొచ్చేసింది.

"మీరు తట్టుకోలేరని ఊరుకున్నా. పోయింది అత్తయ్యా. పెద్దమ్మ చచ్చిపోయింది. బైబిల్లో అట్లాగే ఉంది. ఇక లేవదు."

మా అత్తయ్య నా మొహంలోకి చూసింది. "లేవదా?" అంది. "ఏం మాట్లాడతన్నావే? వదిన వాళ్ళ పుస్తకంలో చచ్చినోళ్ళు గూడా లేస్తారంట గదా! అదన్నా తెలుసుకోకుండానే పుచ్చుకున్నావా బాప్తిస్మం?"

కాంట్రాక్టు సంగతి కృష్ణలో కలిపి మొత్తం చెప్పాను. బాప్తిస్మం కాదు, నవల అన్నాను. ఫోన్లో ఫైలు తీసి చూపించాను. మా కేకలకి టీచరమ్మగారు పరుగున వచ్చారు. సంగతి విని వరండా మెట్ల మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "అయితే నా కేకు ఊరికే పోయినట్టేనా?" అన్నారు. మా అత్తయ్యకీ నవ్వాగలేదు. "నా నడుము నొప్పి గూడా ఊరికే పోయింది వదినా, మంచం మీద పడుకుని పడుకుని అది నిజంగానే పట్టేసింది" అంది. నేను నవ్వలేదు. వినుకొండ పెళ్ళిచూపులు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

నవ్వి నవ్వి మా అత్తయ్య ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఉండు. ఎవురు పోయిందన్నావు?"

చెప్పాను.

"నీకెవురు చెప్పారు?"

"హైదరాబాదాయన."

"చూశాడా?"

"ఏం చూస్తాడు అత్తయ్యా? అది కథ."

"కథైతే? ఎంతమంది ఏడ్చుకుంటా ఆ గదిలోకి పోయారు! ఎంతమందిని ఓదార్చి పంపింది! ఆ మనిషి పోతే అంత ఓడలో ఒక్కళ్ళకి గూడా ఏడుపు రాలేదా? దినం చేశారా?"

"లేదు."

"దినం చెయ్యలేదంటే పోలేదు. అంతే" అంది. "కాయితం మీద రాసినంత మాత్రాన నేను నమ్మను."

టీచరమ్మగారు కూడా తల ఊపారు. "మా దాంట్లో అయినా జ్ఞాపకార్థం నలుగురం కూడి ప్రార్థన పెట్టుకుంటాం గదా వదినా. ఊరికే వదిలెయ్యం" అన్నారు.

నాకు రోషం వచ్చింది, ఆ ఫైలు రాసినవాళ్ళ మీద. మనిషిని చంపడం చేతనైనవాళ్ళకి దినం చెయ్యడం చేతకాదా? నవలలో ఒక అధ్యాయం పెద్దమ్మ పోవడం, ఒక అధ్యాయం పెద్దదినం అని తేల్చుకున్నాను. మా ఆయన వినేసి, "కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు. అడగకుండా ఆయన అన్న మాట అదొక్కటే, అందుకే గుర్తుంది.

కంటిన్యుటీ ఆయన ఒప్పుకోలేదు. "మేడమ్, ప్రస్తావించరాదు అని ఉంది కదా" అన్నాడు.

"మరణించింది అని కూడా ఉంది కదా. ఆ మరణించడం రాస్తాను. ఆ తరువాత ఎవరి నోటా ఆవిడ మాట రానివ్వను."

"దినంలో ఆవిడ మాట రాకుండా ఎలా మేడమ్?"

"మీరెప్పుడూ దినానికి వెళ్ళలేదా? మా వైపు దినం భోజనాల్లో పోయినవాళ్ళ గురించి తప్ప అన్నీ మాట్లాడుకుంటారు. ఇంజను సంగతి, పిల్లల చదువుల సంగతి మాట్లాడిస్తాను. ఒక విస్తరి పక్కన పెట్టి ఉంటుంది. అంతే."

ఆలోచించి చెబుతానన్నాడు. మర్నాడు గొంతు మార్చి ఫోన్ చేశాడు. "మా అమ్మమ్మని అడిగాను మేడమ్. ఆవిడ కూడా ఆ పెద్దావిడ ఏమైందని ఎప్పట్నించో నన్ను తిడుతోంది. రాసేయమంది. కానీ ఓడలో కాకి ఎక్కడిదని అడుగుతోంది."

నిజమే. ఆ సంగతి నాకు తట్టనే లేదు. దినం నాడు విస్తరి బయట పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అంతరిక్షంలో కాకి ఎక్కణ్ణించి వస్తుంది? మా అత్తయ్యని అడిగాను.

"నేను నమ్మలేదని గుర్తు పెట్టుకో" అంది ముందుగా. "రాసేదేదో సక్రమంగా రాయాలని చెబుతన్నా. కాకి లేకుండా దినం చెయ్యకూడదు. ఎగిరేది ఏదీ లేదా ఆ ఓడలో?"

ఫైలంతా గాలించాను. ఎన్నో ఏళ్ళ ఫిజిక్స్ అనుభవం ఆ రోజు కాకిని వెతకడానికి పనికొచ్చింది. ఓడ గోడల్లోంచి గాలి కారిపోతోందేమో చూస్తూ గదుల్లో తిరిగే చిన్న యంత్రం ఒకటి దొరికింది. రెక్కల్లాంటివి ఉంటాయి, దానంతటదే ఎగురుతుంది, వాలుతుంది.

"నల్లగా ఉంటదా?" అంది మా అత్తయ్య.

"బూడిద రంగట."

"నల్లగా చెయ్యి."

"బైబిల్లో బూడిద రంగని ఉంది అత్తయ్యా, మార్చకూడదు."

"మసి పట్టిందని రాయి."

మసి పట్టిందని రాశాను. ఇంజను గది పక్కనుంచి వస్తుంది గనక మసి పట్టడంలో శాస్త్రవిరుద్ధం ఏమీ లేదు. పెద్దమ్మ పోవడం మాత్రం అత్తయ్యని అడగలేదు, నేనే రాసుకున్నాను. ఒళ్ళో గింజలు పోసుకుని ఏరుతూ ఏరుతూ పోతుంది. ఆవిడంటే మొదట్నించీ పడని ఇంజను గది అత్త ఆ వేళకి ఏదో తగూ పెట్టుకోవడానికి వచ్చి పక్కనే కూర్చుని ఉంటుంది. తగూ మధ్యలో ఎదుటి మనిషి జవాబు చెప్పడం మానేస్తుంది. ఇక దినం నాడు యంత్రం విస్తరి చుట్టూ తిరుగుతుంది గాని వాలదు. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. చివరికి ఆ అత్తే లేచి, "ఒక్క గింజకి కూడా పురుగు పట్టనివ్వను, నాదీ పూచీ" అంటుంది. అప్పుడు వాలుతుంది. ఆ వాక్యం రాశాక నేను కాసేపు కంప్యూటరు ముందు నుంచి లేచి పోవలసి వచ్చింది.

పుస్తకం వచ్చింది. అట్ట మీద హీరోయిన్, చేతిలో తుపాకి, తల్లో మల్లెపూలు. నా పేరు వెనక అట్ట మీద, ధర కింద ఉంది. అదేమీ పట్టించుకోకుండా తీసుకెళ్ళి మా అత్తయ్య మంచం మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా కాలేజీకి పోయాను. ఆ రోజు నేను బోర్డు మీద వేసిన లెక్కలో రాయి కింద పడకుండా పైకి పోయిందని పిల్లలు చెప్పేదాకా చూసుకోలేదు.

ఆవిడ చదువుతోంది. ప్యాకెట్టు మీది అక్షరాలు చదివినట్టే, ముద్రించినవాళ్ళ చిరునామా దగ్గర్నించి మొదలుపెట్టింది. పేజీ గుర్తుకి ఎండుమిరపకాయ పెట్టేది. నేను సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే మిరపకాయ ఎక్కడిదాకా వచ్చిందో చూసేదాన్ని. "బాగుందా?" అని అడిగే ధైర్యం లేక, "కళ్ళు నొప్పి పుట్టట్లేదా?" అని అడిగేదాన్ని. "చదవనీ" అనేది. ఒకరోజు మాత్రం తల ఎత్తకుండానే, "కదులుతానే ఉన్నారే మనుషులు" అంది. ఆ మాటకి నేను వంటింట్లోకి పోయి ఒంటరిగా నవ్వుకున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతున్నాను. ఆవిడ పుస్తకం మూసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, లేచి స్నానాల గదిలోకి పోయింది. చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినపడింది. పొద్దున స్నానం చేసిన మనిషి మళ్ళీ ఈ వేళప్పుడు స్నానమేమిటని లేచాను. మంచం మీద పుస్తకంలో మిరపకాయ పెద్దమ్మ పోయిన పేజీలో ఉంది.

ఆవిడ తలనిండా నీళ్ళు కారుతూ, తడిచీరతో బయటికొచ్చింది.

"తలకి పోసుకున్నారేమిటి అత్తయ్యా, జలుబు చేస్తుంది" అన్నాను.

"మనిషి పోయిందంటే పోసుకోవద్దా?" అంది.

 ఆవిడ కొంగు పిండుకుంటూ నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఒక్కతే పోయిందేమో అనుకున్నా ఇన్నాళ్ళూ" అంది. "పక్కన మనిషిని పెట్టావు. మంచి పని చేశావే."

రాసేవాళ్ళకి ఆశ ఎక్కువ. అంతటితో ఊరుకోలేకపోయాను. "దినం కూడా రాశాను అత్తయ్యా, ఆ తరువాతి పేజీలోనే. అది కూడా చదివేయండి" అన్నాను.

"ఇయ్యాల పోతే ఇయ్యాలే దినమా? ఏం మనిషివే నువ్వు?" అని కసిరింది. "పెద్దదినం నాడు చదువుతా. అప్పటిదాకా దాన్ని ముట్టుకోబాకండి ఎవురూ." పుస్తకాన్ని రెండు వేళ్ళతో ఎత్తి అలమర పైన పెట్టింది. నేనింకా అక్కడే నిలబడి ఉంటే, "చూస్తావేంది? పో, నువ్వూ పోసుకో. రాసినదానివి, నీకు ముందు" అంది.

వెళ్ళి కట్టుకున్న చీరతోనే తల మీద చల్లటి నీళ్ళు పోసుకున్నాను. వణుకుతూ, ఏడుస్తూ, నవ్వుకుంటూ పోసుకున్నాను. ఇన్నేళ్ళుగా రాస్తున్నాను గాని, నా రాత వల్ల ఒక ఇంటికి మైల రావడం అదే మొదలు.